పెన్‌డ్రైవ్ పెట్టినా రాదు: పర్లాకిమిడి డీటీపీ సెంటర్‌లో ఒక కేసు

గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడిలో ఒక డీటీపీ సెంటర్. నాలుగు కంప్యూటర్లు, ఒక కలర్ ప్రింటర్, ఒక జిరాక్స్ మెషీన్, లామినేషన్. ఒడియా ప్రశ్నపత్రాలు, తెలుగు పెళ్లి కార్డులు, గుడి ఉత్సవాల ఫ్లెక్సీ డిజైన్లు అక్కడి పని. గిరాకీలో పెద్ద భాగం సరిహద్దు అవతల పాతపట్నం వైపు నుంచి, కొంత కాశీనగర్ నుంచి వస్తుంది. వచ్చేవాళ్లంతా పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకునే వస్తారు. అది తెరుచుకోకపోతే ఆ మనిషి పక్క షాపుకు పోతాడు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కని పాత మెషీన్లు మూడింటిలో లినక్స్ మింట్ 22 వేశారు. ఒకటో, రెండో నంబర్లలో సినమన్ డెస్క్‌టాప్. ర్యామ్ తక్కువని మూడో దానిలో ఎక్స్‌ఎఫ్‌సీఈ. పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం నాలుగోది విండోస్‌లోనే ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లకు కౌంటర్ పుస్తకంలో తెలుగు, ఒడియా కలిసిన ఫిర్యాదులు మొదలయ్యాయి: "రెండో నంబర్లో పెన్‌డ్రైవ్ ఆసుని" (ఒడియాలో 'రావట్లేదు' అని), "మూడోదాంట్లో కనిపించట్లేదు", "పెద్ద హార్డ్‌డిస్క్ ఎర్రర్". అన్నిటికీ షాపువాళ్లు తేల్చుకున్న కారణం ఒకటే, "లినక్స్ వేశాం కదా, అందుకే". విండోస్ మెషీన్‌లోనూ డ్రైవ్ కనిపించడం లేదన్న సంగతి ఆ ముక్కతో మరుగున పడిపోయింది.

కమాండ్ల పేర్లను ఇక్కడ నోటితో పలికినట్టే రాశాం. టైప్ చేసేటప్పుడు అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలే.

ముందు పదహారు గళ్లు

ఇలాంటి చోట అందరూ చేసే తప్పు, మొదట కనిపించిన మెషీన్ ముందు కూర్చుని సెట్టింగులు కెలకడం. నాలుగు మెషీన్లు, నాలుగు డ్రైవులు ఉన్నప్పుడు కాగితం మీద మెషీన్లు అడ్డు వరసలుగా, డ్రైవులు నిలువు వరసలుగా పదహారు గళ్లు గీసి, ప్రతి డ్రైవునూ ప్రతి మెషీన్‌లో ఒకసారి పెట్టి చూడాలి. అరగంట కూడా పట్టదు. అడ్డు వరసంతా చెడితే తప్పు మెషీన్‌ది, నిలువు వరసంతా చెడితే తప్పు డ్రైవుది. రెండూ కలిసి చెడితే రెండు జబ్బులున్నట్టు.

ఇక్కడ పరీక్షకు తీసుకున్నవి ఇవి (ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ అన్నవి డ్రైవులో ఫైళ్లు సర్దే పద్ధతులు, అంటే ఫైల్‌సిస్టంలు). 16 జీబీ పెన్‌డ్రైవ్, ఫ్యాట్32, ఏ గొడవా లేనిది. 64 జీబీ పెన్‌డ్రైవ్, ఎక్స్‌ఫ్యాట్. సెంటర్ వాళ్లదే బ్యాకప్ హార్డ్‌డిస్క్, 1 టీబీ, ఎన్‌టీఎఫ్‌ఎస్. నాలుగోది ఒక ఫొటోగ్రాఫర్ ఇచ్చి వెళ్లిన 32 జీబీ పెన్‌డ్రైవ్. అందులో పెళ్లి ఫొటోలున్నాయి, ఇంకో కాపీ లేదు. ఆయన మాట: "మా ఇంటికాడ విండోస్‌లో బాగానే వస్తంది బాబూ, ఇక్కడే రాట్లేదు."

గళ్లు నిండాక బొమ్మ ఇలా వచ్చింది. ఒకటో మెషీన్‌లో ముందు వైపు పోర్టుల్లో పెన్‌డ్రైవులు ఒకసారి వస్తాయి, ఒకసారి రావు. హార్డ్‌డిస్క్ అసలే రాదు. వెనక పోర్టుల్లో పెన్‌డ్రైవులు రెండూ సాఫీగా వస్తాయి. రెండో మెషీన్‌లో ఏ పెన్‌డ్రైవ్ ఒంటరిగా పెట్టినా రాదు, ఒకటి పెట్టి ఉంచి రెండోది పెడితే మాత్రం ఆ రెండోది వస్తుంది. మూడోదాంట్లో తనంతట తాను ఏదీ తెరుచుకోదు, ఫైల్ మేనేజర్ పక్క పట్టీలో పేరు మీద క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది. నాలుగోదాంట్లో, అంటే విండోస్‌లో, టింగ్‌మని చప్పుడొస్తుంది కానీ డ్రైవ్ కనిపించదు. హార్డ్‌డిస్క్ ఒకటో మెషీన్ వెనక పోర్టుల్లోనూ, మూడో మెషీన్‌లోనూ ఎర్రర్ ఇస్తుంది. రెండోదాంట్లో మాత్రం, మెషీన్ ఆన్ చేసే ముందే తగిలించి ఉంచితే, చక్కగా తెరుచుకుంటుంది. ఫొటోగ్రాఫర్ పెన్‌డ్రైవ్ మూడు లినక్స్ మెషీన్లలోనూ ఎక్కడా రాదు. అందరూ ఒకటే అనుకున్నది ఆరు వేర్వేరు తప్పులు.

గొలుసు ఎక్కడ తెగింది

లినక్స్‌లో డ్రైవ్ దానంతటదే తెరుచుకోవడం వెనక వరసగా కొన్ని మెట్లున్నాయి. పోర్టు కరెంటు ఇవ్వాలి. కర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ, ఆ పరికరాన్ని యూఎస్‌బీ స్టోరేజీగా గుర్తించి ఎస్‌డీబీ లాంటి పేరు ఇవ్వాలి. యూడెవ్ అనే సేవ అందులోకి తొంగిచూసి ఏ ఫైల్‌సిస్టమో తేల్చాలి. యూడిస్క్స్ అనే సేవ, అడుగుతున్న యూజర్‌కు హక్కుందో లేదో చూసి మౌంట్ చేయాలి, అంటే డ్రైవును ఒక ఫోల్డర్‌లా తెరుచుకునేలా కలపాలి. చివరికి డెస్క్‌టాప్ "కొత్తది వచ్చింది, మౌంట్ చెయ్యి" అని ఆ యూడిస్క్స్‌ను అడగాలి. చివరి మెట్టు తెగినా, మొదటి మెట్టు తెగినా కౌంటర్‌లో కూర్చున్నవాడికి కనిపించేది ఒకటే: ఏమీ జరగలేదు.

ఎక్కడ తెగిందో చెప్పడానికి మూడు చూపులు చాలు. డ్రైవ్ పెట్టకముందే టెర్మినల్‌లో సూడోతో, అంటే అడ్మిన్ హక్కుతో, డీమెసేజ్‌ను (టైప్ చేయాల్సింది డీ, ఎం, ఈ, ఎస్, జీ) డబ్ల్యూ ఆప్షన్‌తో నడిపి, ఆ తర్వాత డ్రైవ్ పెట్టాలి. కర్నెల్ ఏమంటుందో అప్పటికప్పుడు కనిపిస్తుంది. తర్వాత ఎల్‌ఎస్‌బీఎల్‌కే, ఎఫ్ ఆప్షన్‌తో: డ్రైవ్ పేరుందా, పక్కన ఫైల్‌సిస్టం రకం ఉందా? చివరిగా యూడిస్క్స్‌సీటీఎల్ మౌంట్, బీ ఆప్షన్ తర్వాత పార్టిషన్ పేరు, సూడో లేకుండా. ఇక్కడ సూడో పెడితే పరీక్షే చెడిపోతుంది. రూట్‌కు, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌కు, హక్కుల తనిఖీ ఉండదు కాబట్టి అసలు తప్పు దాక్కుంటుంది. ఈ చివరి కమాండ్ పనిచేసి, ఆటోమేటిక్‌గా మాత్రం రాకపోతే తప్పు డెస్క్‌టాప్‌ది. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో పేరే లేకపోతే పోర్టు, కేబుల్, లేదా డ్రైవ్. పేరుండి రకం గడి ఖాళీగా ఉంటే అది మూడో మెట్టు. అది అరుదు, అందుకే దాని గురించి కింద ఎక్కువ రాశాం.

విండోస్ మెషీన్ ముందు ఎందుకు

బాగుచేసే వరసలో నాలుగో మెషీన్‌ను ముందు పెట్టడానికి కారణముంది: ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును సరిగ్గా మరమ్మతు చేయగలిగేది విండోస్ ఒక్కటే. చప్పుడొచ్చి డ్రైవ్ కనిపించకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవాలి. అక్కడ పెన్‌డ్రైవ్ నిక్షేపంగా ఉంది, దానికి 'ఈ' అక్షరం కూడా ఉంది. కానీ రెండో మెషీన్‌లోని షేర్డ్ ఫోల్డర్‌ను ఎవరో నెట్‌వర్క్ డ్రైవుగా అదే 'ఈ' మీద మ్యాప్ చేసి పెట్టారు. నెట్‌వర్క్ మ్యాపింగ్ యూజర్ స్థాయిలో ఉంటుంది, డ్రైవ్ అక్షరాలు పంచేది సిస్టం స్థాయిలో. పంచేవాడికి ఆ మ్యాపింగ్ సంగతి తెలియదు. అందుకే పెన్‌డ్రైవ్ ఆ మ్యాపింగ్ వెనక దాక్కుంది. మ్యాపింగ్‌ను 'జెడ్'కు మార్చగానే పెన్‌డ్రైవులన్నీ వచ్చాయి. నెట్‌వర్క్ డ్రైవులను ఎప్పుడూ చివరి అక్షరాల నుంచే మొదలుపెట్టాలి. విండోస్ తానుగా సూచించేది కూడా అదే, దాన్ని చేత్తో మార్చినప్పుడే ఈ గొడవ.

పెన్‌డ్రైవులు వచ్చి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒక్కటే అక్షరం లేకుండా ఉంటే ఇంకోచోట చూడాలి. డిస్క్‌పార్ట్‌లో ఆటోమౌంట్ అని టైప్ చేస్తే కొత్త వాల్యూములను మౌంట్ చేసే గుణం ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చెబుతుంది. ఆఫ్ అని వస్తే ఆటోమౌంట్ ఎనేబుల్. ఇక్కడ అది ఆన్‌లోనే ఉంది.

హార్డ్‌డిస్క్ ఎర్రర్, తప్పుదారి పట్టించే సందేశం

ఒకటో, మూడో మెషీన్లలో హార్డ్‌డిస్క్ మీద క్లిక్ చేస్తే తెర మీద వచ్చే సందేశం సారాంశం: ఫైల్‌సిస్టం రకం తప్పు, లేదా ఆప్షన్ తప్పు, లేదా సూపర్‌బ్లాక్ చెడింది, లేదా ఇంకేదో. ఇది చదివి ఫార్మాట్ బటన్ వైపు చెయ్యి పోయినవాళ్లు చాలామంది. ఆ సందేశం మౌంట్ కమాండ్ అన్ని వైఫల్యాలకూ ఇచ్చే గంపగుత్త జవాబు. అసలు మాట డీమెసేజ్‌లో ఉంటుంది. అక్కడ ఎన్‌టీఎఫ్‌ఎస్3 పేరుతో ఒకే ఒక్క వాక్యం: వాల్యూమ్ డర్టీగా ఉంది, ఫోర్స్ ఇవ్వలేదు.

డర్టీ అంటే డిస్కులో విండోస్ వేసుకునే ఒక గుర్తు. డిస్కును ఎజెక్ట్ చేయకుండా లాగేస్తే ఆ గుర్తు అలాగే మిగిలిపోతుంది. కర్నెల్ 5.15 నుంచి లినక్స్‌లో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ ఆ గుర్తు చూస్తే తలుపు తీయదు. పాత ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అంత పట్టింపు చూపదు. రెండో మెషీన్‌లో అదే డిస్కు తెరుచుకోవడానికి కారణం ఇదే: అక్కడ అది పాత డ్రైవర్ ద్వారా మౌంట్ అవుతోంది. ఎందుకలా అన్నది కింద వస్తుంది. ఫ్యాట్ డ్రైవులకూ ఇలాంటి గుర్తు ఉంటుంది కానీ వాటి విషయంలో కర్నెల్ "సరిగా తీయలేదు, ఎఫ్‌ఎస్‌సీకే (తనిఖీ ప్రోగ్రాం) నడుపు" అని గొణిగి మౌంట్ చేసేస్తుంది. అందుకే ఎజెక్ట్ చేయని అలవాటుకు పెన్‌డ్రైవుల్లో వెంటనే శిక్ష పడదు, హార్డ్‌డిస్కులో పడుతుంది.

డిస్కును నాలుగో మెషీన్‌కు తగిలించి, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో చెక్‌డిస్క్‌ను ఎఫ్ ఆప్షన్‌తో నడిపి, పూర్తయ్యాక ఎజెక్ట్ చేసి తీశారు. తర్వాత ఒకటో మెషీన్ వెనక పోర్టులోనూ, మూడోదాంట్లోనూ ఎర్రర్ లేకుండా తెరుచుకుంది. విండోస్ దొరకని చోట ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్‌ను డీ ఆప్షన్‌తో నడిపితే గుర్తు పోతుంది. కానీ అది గుర్తును చెరిపేస్తుందే తప్ప డిస్కును పూర్తిగా తనిఖీ చేయదు. బ్యాకప్ డిస్కు మీద ఆ పని చేసి చేతులు దులుపుకోవడం మంచిది కాదు.

రెండో మెషీన్: ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మిగిలిన ఒక లైన్

ఒంటరిగా పెడితే రాదు, రెండోదిగా పెడితే వస్తుంది అన్నప్పుడే జవాబు సగం తెలిసిపోతుంది. ఆ మెషీన్‌లో ఒకే ఎస్‌ఎస్‌డీ ఉంది, దాని పేరు ఎస్‌డీఏ. మొదట పెట్టిన యూఎస్‌బీ డ్రైవ్ ఎస్‌డీబీ అవుతుంది, దాని తర్వాతిది ఎస్‌డీసీ. అంటే ఎస్‌డీబీ1 అన్న పేరు మీద ఎవరో కర్చీఫ్ వేశారు. ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఫైల్ ఎఫ్‌ఎస్‌ట్యాబ్, ఈటీసీ ఫోల్డర్‌లో ఉంటుంది. దాన్ని తెరిస్తే ఆ లైన్ కనిపించింది: ఎస్‌డీబీ1ను ఎన్‌టీఎఫ్‌ఎస్ రకంగా, డిఫాల్ట్స్, నోఫెయిల్ ఆప్షన్లతో, ఎంఎన్‌టీ కింద బ్యాకప్ ఫోల్డర్‌లో మౌంట్ చెయ్యమని. మింట్ వేసిన రోజున హార్డ్‌డిస్కు కోసం రాసిన లైన్ అది.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పేరున్న పరికరాన్ని యూడిస్క్స్ తన ఇష్టప్రకారం మౌంట్ చేయదు, అక్కడ రాసినట్టే చేయాలని చూస్తుంది. అందులో యూజర్ అన్న ఆప్షన్ లేదు కాబట్టి కౌంటర్ యూజర్‌కు హక్కు లేదు. హక్కున్నా ఉపయోగం లేదు, ఎందుకంటే ఫ్యాట్32 పెన్‌డ్రైవును ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుకుని తెరవమంటోంది ఆ లైన్. మరోవైపు హార్డ్‌డిస్కును ముందే తగిలించి మెషీన్ ఆన్ చేస్తే, బూటింగ్‌లోనే ఆ లైన్ ప్రకారం మౌంట్ అయిపోతుంది. రకం ఎన్‌టీఎఫ్‌ఎస్ అని రాసి ఉన్నందున ఆ పని పాత ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీకే పోతుంది. డర్టీ గుర్తున్నా తెరుచుకున్నది అందుకే.

లైన్‌ను తీసేయలేదు, మార్చారు. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో హార్డ్‌డిస్కు పక్కన కనిపించే యూయూఐడీని, అంటే ఆ డిస్కు గుర్తు నంబరును, తీసుకుని ఎస్‌డీబీ1 బదులు దాన్ని రాశారు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు అది 16 హెక్స్ అంకెల (0 నుంచి 9, 'ఏ' నుంచి 'ఎఫ్') పొడవుంటుంది. ఫ్యాట్‌కు నాలుగు, గీత, మళ్లీ నాలుగు. తప్పు డిస్కుది రాయలేదని ఆ పొడవు చూసే తెలుసుకోవచ్చు. నోఫెయిల్‌ను అలాగే ఉంచాలి. అది లేకుండా డిస్కు తగిలించని రోజున మెషీన్ ఆన్ చేస్తే, బూటింగ్ నడిపే సిస్టమ్‌డీ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. ఉదయాన్నే షట్టర్ ఎత్తగానే నల్ల తెర కనిపిస్తే షాపు కుర్రాడి గుండె జారిపోతుంది. సేవ్ చేశాక సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్, ఆ తర్వాత పెన్‌డ్రైవ్. వెంటనే తెరుచుకుంది.

మూడోది, ఒకటోది

మూడో మెషీన్‌కు రెండు నిమిషాలు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఈ పని తునార్ వాల్‌మ్యాన్ అన్న చిన్న ప్రోగ్రాం చేస్తుంది. సెట్టింగుల్లో తీసిపెట్టే డ్రైవులు, మీడియా అన్న చోట, పెట్టగానే మౌంట్ చెయ్యి అన్న పెట్టెలో టిక్ లేదు. టిక్ పెడితే అయిపోయింది. టిక్ ఉన్నా రాకపోతే తునార్ బ్యాక్‌గ్రౌండ్‌లో నడవడం లేదేమో చూడాలి; స్టార్టప్ ప్రోగ్రాములు తగ్గిద్దామని దాన్ని తీసేసేవాళ్లున్నారు. సినమన్‌లో ఇదే టిక్ నెమో ప్రిఫరెన్సుల్లో ఉంటుంది. మెషీన్ ముందు కూర్చోకుండా రిమోట్ డెస్క్‌టాప్ సెషన్‌లోంచి పరీక్షిస్తే మాత్రం అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మెషీన్ ముందు లాగిన్ అయి ఉన్న యూజర్‌కే, హక్కులు చూసే పోల్‌కిట్ అన్న సేవ ఆ హక్కు ఇస్తుంది, అది తప్పు కాదు.

ఒకటో మెషీన్ ముందు పోర్టుల్లో పెట్టినప్పుడు డీమెసేజ్‌లో మైనస్ 71 ఎర్రర్లు, మధ్యమధ్య మైనస్ 110, చివర్లో పరికరాన్ని గుర్తించలేకపోయానని. 71 అంటే మాట్లాడుకోవడంలో తేడా, 110 అంటే జవాబు కోసం చూసి చూసి టైం అయిపోవడం. రెండూ వస్తుంటే సాఫ్ట్‌వేర్ వైపు చూడాల్సిన పని లేదు. ఇంకో గుర్తు: మామూలుగా హైస్పీడ్, అంటే 480 ఎంబీపీఎస్‌లో కలవాల్సిన పెన్‌డ్రైవ్ ఒక్కోసారి ఫుల్‌స్పీడ్, అంటే 12 ఎంబీపీఎస్‌లో కలిసింది. పేరుకు ఫుల్లు, నడక నత్తది.

మెయిన్ వైరు తీసి కేస్ తెరిస్తే మదర్‌బోర్డు మీద ముందు పోర్టుల హెడర్ ఉంటుంది. పది చోట్లలో తొమ్మిది పిన్నులు, తొమ్మిదో చోటు ఖాళీ, తప్పుగా గుచ్చకుండా. 1, 2 పిన్నులు ఐదు వోల్టులు. 7, 8 గ్రౌండ్. కనెక్టర్ సగమే దిగి ఉంది, ముందు పోర్టుల చిన్న బోర్డు మీద వానాకాలపు చెమ్మకు పచ్చటి తుప్పు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కనెక్టర్‌ను పూర్తిగా దించాక పెన్‌డ్రైవులు కుదురుకున్నాయి. హార్డ్‌డిస్కు ఇంకా కుదురుకోలేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపియర్లు, వోల్టేజ్ 4.75 కన్నా తగ్గకూడదు. ఖాళీ పోర్టులో మల్టీమీటర్ ఐదు చూపించి, డిస్కు తగిలించి తిరగడం మొదలయ్యేసరికి ఆ గీత కిందికి పడుతుంటే, సన్నని వైరు ఆ కరెంటును మోయలేకపోతోందన్నమాట. ఖాళీ పోర్టులో కొలిచి "బాగానే ఉంది" అనడం ఇక్కడ జరిగే మామూలు తప్పు. ముందు పోర్టుల కేబుల్‌ను బోర్డుతో సహా మార్చారు. మార్చే వరకు హార్డ్‌డిస్కును వెనక పోర్టుకే తగిలించమన్నారు.

ఫొటోగ్రాఫర్ పెన్‌డ్రైవ్

మిగిలింది ఇది. కర్నెల్ గుర్తిస్తుంది, సైజు సరిగ్గా చూపిస్తుంది, ఒక్క ఎర్రర్ లేదు. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో ఎస్‌డీబీ1 ఉంది, పక్కన రకం గడి ఖాళీ. యూడెవ్ దేన్నీ తేల్చలేదు కాబట్టి యూడిస్క్స్ దాన్ని ఫైల్‌సిస్టంగానే లెక్కపెట్టలేదు, డెస్క్‌టాప్‌కు కబురే వెళ్లలేదు. విండోస్‌లో మాత్రం మామూలు ఫ్యాట్32 డ్రైవ్.

ఇక్కడ చెయ్యి తొందరపడకూడదు. ఫొటోలకు ఇంకో కాపీ లేదు. ముందు డీడీరెస్క్యూ అన్న కాపీ ప్రోగ్రాంతో మొత్తం డ్రైవును ఒక ఇమేజ్ ఫైలుగా, పక్కనే మ్యాప్ ఫైలుతో, రెండో మెషీన్‌లోకి కాపీ చేశారు. మింట్‌లో ఆ ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. సెకనుకు 30 ఎంబీ చొప్పున 32 జీబీకి సుమారు 18 నిమిషాలు పడుతుంది. చదవలేని చోటు ఒక్కటీ రాలేదు, అంటే చిప్ బాగానే ఉంది. ఆ తర్వాతే డ్రైవు మీద చెయ్యి వేయాలి.

రకం చెప్పకుండా మౌంట్ కమాండ్ ఇస్తే వచ్చిన జవాబు అసలు సంగతి చెప్పేసింది: ఎస్‌డీబీ1లో ఒకటికి మించి ఫైల్‌సిస్టంలు కనిపించాయి, రకమేదో చెప్పు, లేదా వైప్‌ఎఫ్‌ఎస్ చూడు. వైప్‌ఎఫ్‌ఎస్ పేరు వింటే భయమేస్తుంది కానీ ఆప్షన్లు ఏమీ ఇవ్వకుండా నడిపితే అది దేన్నీ చెరపదు, ఉన్న ముద్రల జాబితా మాత్రం చూపిస్తుంది. నాలుగు లైన్లు వచ్చాయి. హెక్స్ 52, హెక్స్ 0, హెక్స్ 1ఎఫ్‌ఈ చోట్ల వీఫ్యాట్ (ఫ్యాట్‌కు లినక్స్‌లో పేరు), మూడూ సరైనవే. నాలుగోది హెక్స్ 438 దగ్గర ఈఎక్స్‌టీ4, అంటే లినక్స్ సొంత ఫైల్‌సిస్టం.

ఈఎక్స్‌టీ4 తన సూపర్‌బ్లాక్‌ను, అంటే తన వివరాలుండే బ్లాకును, పార్టిషన్ మొదలు నుంచి 1024 బైట్ల దూరంలో పెడుతుంది. అందులో 56 బైట్లు లోపలికి పోతే దాని ముద్ర: 53, ఈఎఫ్ అనే రెండు బైట్లు. 1024కి 56 కలిపితే 1080, అదే హెక్స్ 438. ఈ పెన్‌డ్రైవ్ ఒకప్పుడు రికార్డింగు కోసం ఒక సెట్‌టాప్ బాక్స్‌లో వాడారు, అది ఈఎక్స్‌టీ4 చేసుకుంది. తర్వాత ఒక సౌండ్ సిస్టంలో ఫార్మాట్ చేస్తే అది ఫ్యాట్32 చేసింది. కానీ ఆ చిన్న పరికరాల ఫార్మాట్ తనకు కావాల్సిన సెక్టార్లలోనే (512 బైట్ల ముక్కలు) రాస్తుంది, మధ్యలో ఉన్న పాత సెక్టారును తుడవదు. విండోస్‌కు ఈఎక్స్‌టీ4 అంటే తెలియదు కాబట్టి దానికి ఆ ముద్ర కనిపించదు. లినక్స్‌కు రెండూ తెలుసు, అందుకే ఏదో ఒకటని ఊహించి తప్పు మౌంట్ చేసే బదులు ఊరుకుంది. ఊరుకోవడమే సరైన పని, ఈఎక్స్‌టీ4 అనుకుని రాయడం మొదలుపెట్టి ఉంటే ఫొటోలు పోయేవి.

ఆ రెండు బైట్లు చెరిపే ముందు ఇంకొక తనిఖీ ఉంది. అవి ఉన్నది మొదటి నుంచి లెక్కిస్తే మూడో సెక్టారులో. ఫ్యాట్32లో మొదట రిజర్వు సెక్టార్లుంటాయి, మామూలుగా 32, కాబట్టి మూడోది ఖాళీ జాగా. అదే చిన్న ఫ్యాట్16 డ్రైవయితే రిజర్వు ఒక్క సెక్టారే ఉండొచ్చు. అప్పుడు ఆ చోట ఫ్యాట్ పట్టికే ఉంటుంది, అక్కడ రెండు బైట్లు చెరిపితే ఏదో ఫైలు గొలుసు తెగుతుంది. అందుకే ఎఫ్‌ఎస్‌సీకే డాట్ ఫ్యాట్‌ను ఎన్, వీ ఆప్షన్లతో నడపాలి. ఎన్ అంటే ఏమీ మార్చకు, వీ అంటే వివరంగా చెప్పు. మొదటి ఫ్యాట్ ఏ బైటు దగ్గర మొదలవుతుందో అది చెబుతుంది. ఇక్కడ వచ్చింది 16384వ బైటు, 32వ సెక్టారు. 1080 దానికి చాలా ఇవతల ఉంది.

డ్రైవ్ ఎక్కడా మౌంట్ కాలేదని చూసుకుని, వైప్‌ఎఫ్‌ఎస్‌కు బ్యాకప్ ఆప్షన్, 'ఓ' అక్షరం ఆప్షన్ తర్వాత హెక్స్ 438, చివర ఎస్‌డీబీ1. 'ఏ' అక్షరం ఆప్షన్ మాత్రం ఇవ్వకూడదు, అది ఆల్, ముద్రలన్నిటినీ చెరిపేస్తుంది. కమాండ్ జవాబు ఒక్క లైను: ఈఎక్స్‌టీ4కు చెందిన 2 బైట్లు చెరిగాయి, 53, ఈఎఫ్. హోమ్ ఫోల్డర్‌లో చెరిపిన బైట్లతో బ్యాక్ పేరున్న చిన్న ఫైలు మిగిలింది. తేడా వస్తే దాన్ని డీడీతో, బ్లాక్ సైజు 1, సీక్ 1080, నోట్రంక్ ఇచ్చి తిరిగి రాయొచ్చు. ఆ అవసరం రాలేదు. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టగానే ఫోల్డర్ దానంతటదే తెరుచుకుంది, తెలుగులో పేర్లు పెట్టిన ఆల్బమ్ ఫోల్డర్లతో సహా.

ఆ పేర్ల గురించి ఒక మాట. ముందు రోజు షాపులో ఎవరో దీన్ని సూడోతో, వీఫ్యాట్ రకం చెప్పి చేత్తో మౌంట్ చేశారు. తెలుగు, ఒడియా పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపించేసరికి డ్రైవు పాడైందని తేల్చారు. డ్రైవు పాడవలేదు. యూడిస్క్స్ మౌంట్ చేస్తే యూటీఎఫ్8 ఆప్షన్ తానే కలుపుతుంది, చేత్తో చేసేటప్పుడు మనం కలపాలి. తప్పనిసరై చేత్తో చేస్తే యూటీఎఫ్8తో పాటు ఆర్‌ఓ కూడా ఇస్తే మేలు, చూడటమే తప్ప రాయడం ఉండదు.

అప్పగించేటప్పుడు

మళ్లీ పదహారు గళ్లు గీసి మొదటి నుంచి నింపారు, ప్రతి మెషీన్‌నూ ఒకసారి ఆపి ఆన్ చేశాక. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ తప్పులు రీబూట్ తర్వాతే బయటపడతాయి కాబట్టి ఆ మెట్టు వదలకూడదు. అన్ని గళ్లలోనూ టిక్ పడింది. డీడీరెస్క్యూ ఇమేజ్‌ను ఫొటోగ్రాఫర్ ఫొటోలన్నీ వేరే డిస్కుకు ఎక్కించుకున్నానని చెప్పాక చెరిపేశారు. పరాయివాళ్ల పెళ్లి ఫొటోలు షాపు మెషీన్‌లో ఉండకూడదు.

సర్దుకుంటున్న వేళ కాశీనగర్ నుంచి వచ్చిన ఒకాయన ఇంకో పెన్‌డ్రైవ్ ఇచ్చారు. డీమెసేజ్‌లో పేరొచ్చింది, ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో సైజు సున్నా, మీడియా లేదన్న జవాబు. నాలుగు మెషీన్లలోనూ అంతే. కంట్రోలర్ పలుకుతోంది, దాని వెనక మెమరీ చిప్ పలకడం లేదు. దీనికి కమాండ్ లేదు. లోపల ముఖ్యమైనవేమైనా ఉంటే చిప్ విప్పి చదివే డేటా రికవరీ వాళ్ల దగ్గరికే పంపాలి, లేకపోతే కొత్తది కొనాలి. లోపల ఉన్నది రేషన్ కార్డు స్కాన్ కాపీ ఒక్కటే అన్నారాయన. కార్డు జేబులోనే ఉంది. మళ్లీ స్కాన్ చేసి ఇచ్చారు.